కడలంక వంతెన తెరిచే ఉంది

మొదటి రోజు. తొట్టిలో నీరు: 52 గీతలు

ఉదయం ఏడు గంటలకు వంతెన రెక్కలకు తాళం పడింది. రెండు రెక్కలూ కలిసే చోట మనిషి తొడంత లావున్న ఇనుప కడ్డీ దూర్చి, దాని మీద లారీలు నడిపే గట్టుబండ్ల సంస్థ వాళ్లు సీలు వేశారు. పది రోజుల పరీక్ష అట. రెక్కలు లేవకపోతే లారీలు ఎంత సాఫీగా పోతాయో చూస్తారు. డ్రైవర్లు లేని లారీలు కాబట్టి ముందున్నది ఆగితే వెనక పద్నాలుగు కిలోమీటర్ల బారు మొత్తం ఆగిపోతుంది. రెక్కలు ఒకసారి లేచి దిగడానికి పదకొండు నిమిషాలు. ఆ పదకొండు నిమిషాల మీదే ఈ గొడవంతా.

ఈ పది రోజుల్లో పరిశీలన సంఘం మూడు పాత వంతెనలను పోల్చి చూస్తుంది. మా కడలంక రెక్కల వంతెన, పాతరేవులో పక్కకు తిరిగే వంతెన, దీవిమొగలో నిలువునా పైకి లేచే లిఫ్టు వంతెన. మూడూ సముద్రం లోపలికి రాకముందు కట్టినవే. పోల్చాక మా వంతెనకు మరమ్మతు చేయాలో, రెక్కలను శాశ్వతంగా అతికించేయాలో తేలుస్తారు. అదంతా రాయమని సంపాదకుడు నన్ను పురమాయించాడు. పత్రికలో పట్టేది పత్రికకు పంపుతాను. మిగిలింది ఈ పుస్తకంలో ఉంటుంది.

రెక్కలు ఎత్తే ఆపరేటరు మల్లాడి నూకరత్నం. యాభై ఎనిమిదేళ్లు. తండ్రి తర్వాత వంతెన మీది ఆపరేటరు గదిలోకి వచ్చింది. ఇల్లు వంతెనకు ఎగువన, లోపల్లంకలో. అక్కడ పంట్ల మీద తేలే ఇళ్లు రెండు వందల పన్నెండు. వాళ్లందరికీ తాగడానికి ఒకటే తొట్టి. అది నింపేది నీళ్ల ఓడ. మంచుతెరతో సముద్రం మీది తేమను పట్టి తీపినీరు చేసే ఓడ అది. తెర మడిచినా స్తంభం ఎత్తు పదకొండు మీటర్లు. రెక్కలు దించి ఉంటే వంతెన కింద సందు నాలుగు మీటర్లు.

గదిలోంచి తొట్టి కనిపిస్తుంది. నూకరత్నం దుర్భిణి నా చేతికిచ్చింది.

"యాభై రెండు గీతలండి. రోజుకి ఐదు తగ్గుద్ది. పదిహేను కిందకెళ్తే అడుగునున్న ఉప్పు పైకొచ్చేత్తాది. ఆ నీళ్లు తాగితే చంటిపిల్లలకి వాంతులేనండి."

"పరీక్ష పది రోజులే కదా," అన్నాను.

"మీరు లెక్కల్లో వీకా ఏంటండీ, పేపరు గారూ?" అంది.

రెండో రోజు. 47 గీతలు

సంఘం అధ్యక్షుడు ముక్కామల సుదర్శనరావు ముసాయిదా నివేదిక నాకు చూపించాడు. మెత్తగా మాట్లాడే మనిషి. నివేదికలో అందరూ చదివేది ఒక్క పట్టికే. వంతెన ఏడాదిలో తెరిచి ఉన్న గంటలు: పాతరేవు 8,140. దీవిమొగ 8,322. కడలంక 611.

ఆయన ఆ మూడో అంకె మీద వేలు పెట్టాడు. "ఏడాదికి ఎనిమిది వేల ఏడు వందల అరవై గంటలండి. అందులో ఆరు వందల పదకొండు. నూటికి ఏడు వంతులు. ఇలాంటిదానికి మరమ్మతు ఎందుకో మీరే చెప్పండి."

అంకెలు రాసుకుని నూకరత్నం దగ్గరకు వెళ్లాను. ఆధారం చూడకుండా అంకె వేయడం నాకు అలవాటు లేదు. ఆమె వంతెన పుస్తకం తీసింది. రోజూ ఎన్ని గంటలకు "తెరిచాం", ఎన్ని గంటలకు "మూసాం" అన్నది మూడు తరాల చేతిరాతల్లో ఉంది. పోయిన ఏడాది మొత్తం కూడితే సరిగ్గా 611 వచ్చింది.

"నిజవేనండి. నేనే రాశాను," అంది. తర్వాత మిగతా రెండు అంకెలూ చూసి నవ్వింది. "ఎనిమిది వేలా! అయితే ఆళ్ల వంతెనలు ఎప్పుడూ ఆకాశంలోనే ఉంటాయన్నమాట. లారీలు ఎగిరెల్తాయేంటండీ?"

నేనూ నవ్వాను. పట్టికను పత్రికకు పంపాను. మొదటి పేజీలో వేశారు.

నాలుగో రోజు. 39 గీతలు

లోపల్లంకలో నీళ్లు కట్టడి చేశారు. ఇంటికి పొద్దున ఒక బిందె, సాయంత్రం ఒక బిందె. చిన్న పడవల్లో డబ్బాలతో కూడా తెస్తున్నారు. పదహారు పడవలు రోజంతా తిరిగితే తొట్టిలో ఒక గీత లేస్తుంది. నీళ్ల ఓడ బయట లంగరు వేసి నిలబడి ఉంది. దాని కడుపులో నలభై గీతల నీరుంది.

దీవిమొగ వెళ్లి వచ్చాను. లిఫ్టు వంతెనకు పదహారేళ్ల కిందట మరమ్మతు చేశారు. అప్పటికి దాని ఇరుసులు తొమ్మిది మిల్లీమీటర్లు అరిగి ఉన్నాయి. మార్చాక ఇప్పటికీ బాగానే నడుస్తోంది. మా వంతెన ఇరుసులు అరిగింది నాలుగు మిల్లీమీటర్లు. ఈ రెండు అంకెలూ నివేదికలో లేవు. సంఘం ఆఫీసులో అడిగితే స్థలం చాలలేదన్నారు. అదే నివేదికలో సంఘం సభ్యులు మూడు వంతెనల మీదా నిలబడి దిగిన ఫొటోలు ఆరు పేజీలున్నాయి.

నాలుగు గంటలు అక్కడే ఉన్నాను. వంతెన ఒక్కసారే లేచింది. అది రాసుకున్నాను. రాసుకుని ఊరుకున్నాను.

ఆరో రోజు. 32 గీతలు

పాతరేవుకు పడవలో వెళ్లాను. పడవ నడిపేవాడు లోపల్లంక మనిషి, సంగాని అప్పలస్వామి. వంతెన ఇంకా కనుచూపు దూరంలో ఉండగానే పాతరేవు ఆపరేటరుకు ఫోన్ చేశాను.

"రండి సార్, రండి. వంతెన తెరిచే ఉంది," అన్నాడతను.

"తెరిచే ఉందట. వేగం తగ్గించకు," అని అప్పలస్వామికి చెప్పాను.

అతను తగ్గించలేదు. మలుపు తిరిగేసరికి వంతెన ఎదురుగా పాయకు అడ్డంగా పడుకుని ఉంది. దాని మీద లారీలు పోతున్నాయి. అప్పలస్వామి తెడ్డు అడ్డం వేసి పడవను గట్టుకు గుద్దించాడు. నా భుజం గీరుకుపోయింది. కళ్లజోడు నీళ్లలో పడింది.

"తెరిచే ఉందన్నావే!" అని అరిచాను.

పైన ఆపరేటరు వంగి చూశాడు. "తెరిచే ఉంది కదా సార్! అవిగో, లారీలు పోవట్లా? మీరు పడవలో వస్తున్నట్టు చెప్పలేదే! ఉండండి, మూస్తాను."

వంతెనను మెల్లగా పక్కకు తిప్పి పాయ వదిలాడు. తర్వాత తన పుస్తకంలో సమయం వేసి "మూసాం" అని రాశాడు.

అప్పలస్వామి ఉమ్మేసి, "ఈళ్ల తెలివి తెల్లారినట్టే ఉంది. నీళ్లకి దారిచ్చి మూసామంటాడేంటండీ?" అన్నాడు.

నేను తడిసిన గట్టు మీద కూర్చుని లెక్క వేశాను. పాతరేవులోనూ దీవిమొగలోనూ ఆపరేటర్లు రోడ్డు మనుషులు. లారీలకు దారి ఉంటే వాళ్లకు వంతెన తెరిచినట్టు. కడలంకలో ఆపరేటర్లు మొదటి నుంచీ పడవల వాళ్లు. రెక్కలు లేస్తేనే వాళ్లకు తెరిచినట్టు. ఒక మాట, రెండు ఎదురెదురు అర్థాలు. వాటిని పక్కపక్కన పెట్టి పోల్చారు.

సరిచేస్తే లెక్క ఇది. ఏడాదిలో లారీలకు దారి ఉన్న గంటలు: దీవిమొగ 8,322. కడలంక 8,149. పాతరేవు 8,140. పాతరేవు కంటే మాదే తొమ్మిది గంటలు ఎక్కువ. పోయిన ఏడాది చెడిపోయిన సార్లు కూడా పుస్తకాల్లో చూశాను. పాతరేవు పదకొండు. మాది మూడు.

ఇంత చిన్న సంగతిని నూకరత్నం రెండో రోజే జోకుగా చెప్పింది. నేను నవ్వి మొదటి పేజీకి పంపాను.

ఏడో రోజు. 29 గీతలు

సంఘం ఇంజనీరు నేలపూడి సలోమిని కలిశాను. ముప్పై ఏళ్లుండవు. ఇరుసుల అరుగుదల కొలిచింది ఆమే. ఆఫీసు వరండాలో నిలబడి మాట్లాడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"పట్టిక తప్పని మీకు తెలుసా?" అన్నాను.

"తెలుసు సార్. పట్టిక కింద నోటు రాశాను. తెరవడం అంటే కడలంకలో ఒకటి, మిగతా చోట్ల ఒకటి అని. రెండు లైన్లు."

"ఆ రెండు లైన్లు ఏమయ్యాయి?"

"చదివేవాళ్లు తికమకపడతారని అధ్యక్షుల వారు తీసేశారు."

"మీరేమన్నారు?"

"ఏమీ అనలేదు సార్. నా ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. ఇది మీరు రాస్తే రాయండి. నా పేరు కూడా వేయండి. ఇప్పుడైనా అన్నట్టుంటుంది."

సరిచేసిన లెక్కంతా పంపాను. సంపాదకుడు ఏడో పేజీలో నాలుగు వాక్యాలు వేశాడు. మొదటి పేజీలో తాళం వేసినప్పటి నుంచి లారీల వేగం పెరిగిన వార్త, ఫొటోతో సహా. ఆయనకు ఫోన్ చేశాను. "మనం ఒకసారి వేసిన పట్టికను మనమే తప్పంటే బాగుండదు ప్రభాకరం గారూ," అన్నాడు.

ఆయన దగ్గర పనిచేస్తున్నది పద్దెనిమిదేళ్లుగా. ఫోన్ పెట్టేశాక చేయి కడుక్కోవాలనిపించింది. నీళ్లు వృథా ఎందుకని కడుక్కోలేదు.

ఎనిమిదో రోజు. 26 గీతలు

సుదర్శనరావు ఇంట్లో కలిశాడు. నేను పట్టిక గురించి అడుగుతుండగానే బల్ల మీదికి ఒక పాత పత్రిక ముక్క జరిపాడు. తొమ్మిదేళ్ల కిందటిది. అందులో ఒక వాక్యం కింద ఎర్ర గీత ఉంది: "కడలంక వంతెన ఏడాది మొత్తం మీద తెరిచి ఉండేది 640 గంటలే." కింద నా పేరు.

"మీరే రాశారు కదండీ," అన్నాడు.

రాశాను. రెక్కలు తరచుగా ఎత్తడం లేదని పడవల వాళ్లు ఫిర్యాదు చేస్తే వాళ్ల తరఫున రాశాను. ఎవరికి తెరిచి ఉండేది అన్నది రాయలేదు. కడలంకలో అది ఎవరూ అడగరు. ఆ వాక్యాన్నే ఇప్పుడు వాళ్ల గొంతు మీద పెట్టాడు.

"అర్థం వేరని మీకు తెలిసింది కదా. మార్చండి," అన్నాను.

"నేనెందుకు మార్చాలండి? ఏ వంతెన పుస్తకంలో ఏ మాట ఉంటే ఆ మాటే తీసుకున్నాం. కడలంక వాళ్ల మాట కడలంక వాళ్లది. మనం దిద్దితే దస్తావేజును తారుమారు చేసినట్టవుతుంది."

"తొట్టిలో తాగడానికి పనికొచ్చేవి ఇంక పదకొండు గీతలే."

"డబ్బాలతో తెచ్చుకుంటున్నారు కదండీ. మనవాళ్లకి ఓర్పెక్కువ," అన్నాడు. కాఫీ తాగమన్నాడు. తాగలేదు. కప్పు కడగడానికి పనిమనిషి పంపు తిప్పి వదిలేసింది. నేను చెప్పులు వేసుకునే దాకా ఆ పంపు పారుతూనే ఉంది.

పదో రోజు. 21 గీతలు

విచారణ వంతెన పక్కన షామియానాలో జరిగింది. ముగ్గురు సభ్యులు. లోపల్లంక నుంచి నూట నలభై మంది వచ్చారు. అందరి పెదవులూ పగిలి ఉన్నాయి. సభ్యుల బల్ల మీద తీపినీటి సీసాలు పన్నెండు. లెక్క పెట్టడం నా పని కాబట్టి పెట్టాను.

సలోమి లేచి నిలబడి నాలుగు మిల్లీమీటర్లు, తొమ్మిది మిల్లీమీటర్లు చెప్పింది. పట్టికలోని మాటకు రెండు అర్థాలున్నాయని చెప్పింది. అంకెల్లో తడబాటు లేదు. లారీలు ఆగే పదకొండు నిమిషాలు ఆమె కూడా దాచలేదు. రోజుకు ఎనిమిది సార్లు ఎత్తే బదులు ఆటుపోట్లు చూసుకుని మూడుసార్లు ఎత్తితే సరిపోతుందంది. ఆ మాట విని గట్టుబండ్ల సంస్థ మనిషి కూడా తలెత్తి చూశాడు. సుదర్శనరావు మాత్రం ఆవిడను కూర్చోమన్నాడు.

నూకరత్నం వంతు వచ్చింది. పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చింది.

"అయ్యా, తెరవడం అంటే ఏంటో మీరు సెప్పండి. మా నాన్న నేర్పింది నాకు తెలుసు. మీది తెల్దు."

సుదర్శనరావు నవ్వాడు. "అమ్మా, నీ పుస్తకంలో ఉన్నదే మాదీనూ. కడలంక వంతెన విషయంలో తెరవడం అనే మాటకు కడలంక పుస్తకంలో ఏ అర్థం ఉందో సంఘానికీ అదే అర్థం. ఇది రాసుకోండి." గుమాస్తా రాసుకున్నాడు. ముగ్గురూ ఒకే ముద్రల పలక మీద వేలిముద్రలు వేశారు, అప్పుడే అది చెల్లుతుంది. పట్టికను ఎవరూ తారుమారు చేయలేదని రుజువుగా ఆ వాక్యాన్ని నివేదిక మొదటి పేజీలో పెట్టమన్నాడు.

"అంతేనంటారా?" అంది నూకరత్నం.

"అంతే."

"సరేనండి," అని వెళ్లి కూర్చుంది.

తీర్మానం పదిహేను నిమిషాల్లో అయిపోయింది. మరమ్మతు లేదు. రెక్కలు అతికిస్తారు. లోపల్లంకను వేరే చోటికి తరలించే విషయం పరిశీలిస్తారు. ఎక్కడికి అని అడిగాను. పరిశీలిస్తామన్నారు. ఒక సభ్యుడు సగం తాగిన సీసాను బల్ల కిందికి ఒంపి, ఖాళీ సీసా సంచిలో వేసుకున్నాడు.

పదకొండో రోజు. 18 గీతలు

పరీక్ష గడువు తీరింది కాబట్టి పొద్దున్నే సంస్థ వాళ్లు సీలు విప్పి కడ్డీ తీసుకుపోయారు. అతికింపు మనుషులు నాలుగు రోజుల్లో వస్తారు. అంతవరకూ రెక్కలు లేవకుండా సంఘం ఒక ఉత్తర్వు తయారు చేసింది.

తొమ్మిది గంటలకు సుదర్శనరావు దాని చిత్తుప్రతి నా చేతికిచ్చాడు. "మీ భాష బాగుంటుంది. ఒకసారి చూసిపెట్టండి. నిన్న కాస్త కోపంగా వెళ్లారు. మనలో మనకేముంటాయండీ."

చదివాను. "ఈ ఉత్తర్వు అందిన క్షణం నుంచి కడలంక వంతెనను నిరంతరం తెరిచి ఉంచవలెను. సంఘం ముగ్గురు సభ్యుల వేలిముద్రలతో మరో ఉత్తర్వు వచ్చేవరకు ఆపరేటరు ఏ కారణం చేతనూ మూయరాదు."

రెండుసార్లు చదివాను. "నిరంతరం"లో సున్నా ఒకటి ఎగిరిపోయింది, పెట్టాను. "క్షణం"లో వత్తు దిద్దాను.

"ఇంకేమైనా ఉన్నాయా?" అన్నాడు.

"మిగతాది సరిగ్గానే ఉందండి," అన్నాను.

నలభై ఏళ్ల ఉద్యోగంలో తప్పును చూసి వదిలేయడం ఇదే మొదటిసారి. నిజమైన లెక్క ఏడో పేజీకి పోయినప్పుడు ఎవరికీ ఏమీ కాలేదు. ఇది ఏం చేస్తుందో చూద్దామనుకున్నాను.

పదకొండున్నరకు ఉత్తర్వు నూకరత్నానికి అందింది. సంఘం వాహనాలు అప్పుడే బయలుదేరాయి. ఇద్దరు సభ్యుల బండి వంతెన దాటింది. అధ్యక్షుడి బండి లారీల బారులో కొంచెం వెనక ఉంది.

నూకరత్నం ఉత్తర్వును వేలు పెట్టి చదివింది. నావైపు చూసింది.

"పేపరు గారూ, ఇందులో రాసింది నాకు అర్థమైనట్టే ఉందాండి?"

"నిన్న విచారణలో ఆయన చెప్పింది విన్నారు కదా. నివేదిక మొదటి పేజీలో కూడా ఉంది."

"ఆయ్, విన్నానండి," అంది. గంట కొట్టింది. ఎర్రదీపం వెలిగింది. లారీలు ఒకదాని వెనక ఒకటి ఆగాయి. పళ్లచక్రాలు పది రోజుల తుప్పుతో కీచుమంటూ కదిలాయి. నాలుగు మిల్లీమీటర్లు అరిగిన ఇరుసుల మీద రెండు రెక్కలూ నిటారుగా లేచాయి.

నీళ్ల ఓడ లంగరు ఎత్తడానికి పావుగంట పట్టింది. అది వంతెన మధ్య నుంచి పోతుంటే లోపల్లంక వైపు గట్టు మీద ఎవరూ కేకలు వేయలేదు. బిందెల కోసం ఇళ్లవైపు పరుగెత్తారు.

సుదర్శనరావు ఫోన్ వచ్చింది. నూకరత్నం స్పీకరు పెట్టింది.

"ఏమిటమ్మా ఇది? దించు!"

"దించితే మూసినట్టండి. మూయొద్దని మీరే రాశారు. ముగ్గురు ముద్రలతో ఇంకోటి పంపండి, అలాగే దించేత్తాను."

"ముగ్గురం ఒక చోట ఎలా ఉంటాం? వాళ్లిద్దరూ అవతల, నేను ఇవతల! ముద్రలు ఒకే పలక మీద పడాలి!"

"పడవ పంపమంటారాండి? అప్పలస్వామి ఉన్నాడు."

"ప్రభాకరం పక్కన ఉన్నాడా?"

"ఉన్నానండి," అన్నాను.

"ఆ మాట మీరు చూశారు."

"చూశానండి. దస్తావేజును తారుమారు చేయకూడదన్నారు కదా. అలాగే ఉంచాను."

ఆయన పడవ ఎక్కడానికి నాలుగు గంటలు పట్టింది. ముందు లారీ బారును వెనక్కి తిప్పమన్నాడు, అవి వెనక్కి తిరగవు. తర్వాత లైఫ్ జాకెట్ అడిగాడు. తర్వాత అది వాసన వస్తోందన్నాడు. సాయంత్రానికి ముగ్గురి ముద్రలతో కొత్త ఉత్తర్వు వచ్చింది. అందులో "తెరిచి" అన్న మాట లేదు. "లారీలు పోవుటకు వీలుగా రెక్కలు దించి" అని ఉంది. సలోమి రాసిన రెండు లైన్ల నోటు కంటే ఆ వాక్యం పొడుగ్గా ఉంది. అవసరం తమదైతే అర్థం విడమరిచి రాయడం వాళ్లకూ వచ్చు.

అతికింపు మనుషులు నాలుగు రోజుల్లో వస్తారు. అది మారలేదు. ఈసారి మా సంపాదకుడు మాత్రం ఫోన్ చేశాడు. పద్నాలుగు కిలోమీటర్ల బారు ఎందుకు ఆగిందో ఊరంతా అడుగుతోందట, మొదటి పేజీకి కావాలట. పట్టిక, సరిచేసిన లెక్క, ఇరుసుల కొలతలు, సలోమి పేరు, నేను దిద్దిన రెండు అచ్చుతప్పులు, దిద్దని మూడోది, తొమ్మిదేళ్ల కిందటి నా వాక్యం, అన్నీ వేస్తేనే రాస్తానన్నాను. ఎంత పొడుగవుతుందన్నాడు. రేపు పంపాలి.

రెక్కలు దించే ముందు నూకరత్నం పుస్తకం తీసింది. 11.40 దగ్గర "తెరిచాం" అని ముందే రాసి ఉంది. పక్క గడి ఖాళీగా ఉంది.

"కారణం రాయాలండి ఇక్కడ. ఏం రాయమంటారు?"

"ఉత్తర్వు ప్రకారం అని రాయండి."

ఆమె నాలుక బయటపెట్టి, ఒక్కో అక్షరం నొక్కి రాసింది. తర్వాత దుర్భిణి అందుకుని తొట్టివైపు చూసింది. చాలాసేపు చూసి, నా చేతికిచ్చింది.

57 గీతలు.